త్సెరింగ్ శాక్య రాసిన టిబెట్ చరిత్రను ఎంతవరకు నమ్మొచ్చు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఎం.ఏ.లో టిబెట్ మీద సెమినార్ పేపర్ రాయాలి. మీ మాస్టారు త్సెరింగ్ శాక్య పుస్తకం చదవమన్నారు. రాసినాయన లాసాలో పుట్టి, చిన్నప్పుడే దేశం విడిచి వచ్చిన టిబెటన్ అని తెలిశాక మీకు అనుమానం పట్టుకుంది. బాధపడ్డవాళ్ళ తరఫు మనిషి రాసింది చరిత్ర ఎలా అవుతుంది, దానికంటే బయటివాళ్ళు రాసింది చదవడం మేలు కదా అని.

అనుమానం మంచిదే. అయినా చదవండి. 1947 తర్వాతి టిబెట్ గురించి ఒక్క పుస్తకానికే టైమ్ ఉంటే ఇదే చదవండి. పేరు 'ది డ్రాగన్ ఇన్ ది ల్యాండ్ ఆఫ్ స్నోస్', 1999లో వచ్చింది. పాతికేళ్ళుగా ఆసియా చరిత్ర పాఠం చెప్పుకుంటున్నవాణ్ణి, ఇప్పటికీ ఏటా ఏదో ఒక పేజీ కోసం దాన్ని తీయాల్సి వస్తుంది. నమ్మకం మాటకొస్తే, చరిత్రకారుడు ఎక్కడ పుట్టాడని నేను పెద్దగా పట్టించుకోను. తనవాళ్ళకు చేదుగా ఉండే చోట కలం ఎలా నడిపాడో ముందు అది చూస్తాను. మీరూ ఆ పేజీలే ముందు తెరవండి. అవి ఎక్కడున్నాయో కింద చెబుతాను.

ముందు ఆయన సంగతి రెండు ముక్కలు. 1959లో పుట్టాడు. తండ్రి లాసాలో చిన్న ప్రైవేటు బడికి హెడ్మాస్టరు, పిల్లవాడు చిన్నగా ఉండగానే పోయాడు. మావో సాంస్కృతిక విప్లవం వచ్చేసరికి ఇల్లు చీలిపోయింది. ఒక అన్న రెడ్‌గార్డుల్లో, అంటే మావో పేరుతో వీధికెక్కిన యువదళాల్లో, కలిశాడు, ఇంకో అన్న వాళ్ళను వ్యతిరేకించి జైలుకెళ్ళాడు. 1967లో తల్లి ఇతన్నీ ఒక కూతుర్నీ తీసుకుని నేపాల్‌లోకి దాటింది. ఆ తర్వాత ముస్సోరీలో టిబెటన్ బోర్డింగ్ స్కూలు, స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్, లండన్‌లో స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్, చివరికి కెనడాలో యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియా. ఒకే కంచంలో తిన్న అన్నదమ్ముల్లో ఒకడు విప్లవంలో, ఒకడు జైల్లో. ఇలాంటి ఇంట్లో పెరిగినవాడికి 'చైనా వాళ్ళు వచ్చారు, మేం ఏడ్చాం' అని ఒక్క వాక్యంలో చరిత్ర ముగించడం కుదరదని నాకనిపిస్తుంది.

టిబెట్ మీద రెండు రెడీమేడ్ కథలు దొరుకుతాయి. బీజింగ్ కథలో పాత టిబెట్ అంటే వెట్టిచాకిరీ నరకం, జనం అందరూ బానిసలు, 1951లో విముక్తి. దేశం విడిచి వచ్చిన టిబెటన్ల, అంటే ప్రవాసుల కథలో, అంతకంటే ఎక్కువగా వాళ్ళను ప్రేమించే పాశ్చాత్యుల కథలో, పాత టిబెట్ అంటే మంచుకొండల మధ్య ధ్యానంలో కూర్చున్న దేశం, ఎవరి జోలికీ పోని జనం, ఉన్నట్టుండి వచ్చి పడ్డ రాక్షసి. శాక్య మొదటి పేజీల్లోనే ఈ రెండింటినీ పక్కన పెట్టేస్తాడు. ఇరుపక్షాలూ చేస్తున్నది చరిత్రను నిరాకరించడమే అంటాడు, చరిత్రను నిరాకరిస్తే దానితో పాటు బాధ్యత కూడా తప్పించుకోవచ్చు కదా అని ఎత్తిచూపుతాడు. పుస్తకమంతా ఈ బాధ్యత అన్న మాట చుట్టూనే తిరుగుతుంది. టిబెటన్లను దేవుళ్ళుగానో బాధితులుగానో చూపించకుండా నిర్ణయాలు తీసుకున్న మనుషులుగా చూపిస్తాడు. ఆ నిర్ణయాల్లో తెలివైనవి ఉన్నాయి, ఘోరంగా తప్పినవీ ఉన్నాయి.

1947 దగ్గరే ఎందుకు మొదలుపెట్టాడని విద్యార్థులు అడుగుతుంటారు. ఆ ఏడాది ఆగస్టు 15న లాసాలో ఉన్న బ్రిటిష్ మిషన్ భారత మిషన్ అయింది. అందులో కూర్చున్న మనిషి మాత్రం మారలేదు, అదే హ్యూ రిచర్డ్‌సన్. మనిషి అతనే అయినా వెనక ఉన్న సామ్రాజ్యం లేదు. చైనాకీ తమకీ మధ్య అడ్డుగా ఉంచుకోవడానికి టిబెట్‌ను బతకనిచ్చిన బ్రిటన్‌కు ఇక ఆ అవసరం పోయింది. ఈ మార్పు ఎంత పెద్దదో లాసాలో అప్పటికి ఎవరికీ పూర్తిగా తలకెక్కలేదు.

అంతకుముందు టిబెట్ స్వతంత్ర దేశమా, చైనాలో భాగమా అని మీరు తప్పకుండా ఒక పేరా రాయాల్సి వస్తుంది. అక్కడ 'సూజరెన్టీ' అనే మాట తగులుతుంది. నామమాత్రపు అధిరాజ్యం అనుకోండి. దీన్ని క్లాసులో నేను ఇలా చెబుతాను: నిజాములు 1857 దాకా ఢిల్లీ పాదుషా పేరుతోనే నాణేలు వేయించారు, మరి ఢిల్లీ నుంచి ఎవరైనా వచ్చి హైదరాబాద్‌లో శిస్తు వసూలు చేశారా? పోలిక పూర్తిగా సరిపోదు గానీ లోపలి తిరకాసు అర్థమవుతుంది. బ్రిటిష్ వాళ్ళు 1904లో సైన్యంతో వెళ్ళి లాసాతో నేరుగా ఒప్పందం రాయించుకున్నారు. 1907లో రష్యాతో కూర్చుని అదే టిబెట్ మీద చైనాకు అధిరాజ్యం ఉందని ఒప్పుకున్నారు. 1913లో 13వ దలైలామా చైనా సైనికుల్ని పంపేసి తన పాలన తాను ప్రకటించుకున్నాడు. అప్పటినుంచి 1950 దాకా లాసాకు సొంత సైన్యం, సొంత నాణేలు, సొంత తపాలా బిళ్ళలు ఉన్నాయి. పెద్ద దేశాల గుర్తింపు మాత్రం లేదు. బ్రిటన్ ఆ పాత మాటను అధికారికంగా వదులుకున్నది 2008 అక్టోబరులో. అప్పటికి ఆ మాట వల్ల జరగాల్సిన నష్టమంతా జరిగిపోయింది.

ఈ 1913–1951 భాగానికి మాత్రం శాక్య చాలడు, మెల్విన్ గోల్డ్‌స్టీన్ కావాలి. ఆయన అమెరికన్ మానవశాస్త్రవేత్త, టిబెటన్ భాష వచ్చినవాడు, 1989 నుంచి 2019 మధ్య నాలుగు సంపుటాల్లో 1959 దాకా వచ్చాడు. మొదటి సంపుటం ఒక్కటే ఇటుకంత. అందులో ఒక సంఘటన నేను ఎప్పటికీ మరిచిపోలేను. 1950 అక్టోబరు 7న చైనా సైన్యం ద్రిచు నది (యాంగ్‌ట్సీ నది ఎగువ భాగం) దాటింది. తూర్పున చామ్‌డోలో ఉన్న గవర్నర్ ఆఫీసు నుంచి లాసాకు అర్జెంటు టెలిగ్రాములు వెళ్ళాయి, జవాబు లేదు. చివరికి అక్కడి అధికారి వైర్‌లెస్‌లో లాసాను పట్టుకుని అడిగితే, మంత్రిమండలి అంతా పిక్నిక్‌లో ఉంది, టెలిగ్రాములు చదువుతున్నారు, తర్వాత జవాబు పంపుతాం అన్నారు. ఇక్కడ దేశం మునిగిపోతుంటే పిక్నిక్ ఏమిటని ఆ అధికారి అచ్చేయడానికి వీల్లేని బూతు మాట ఒకటి అనేశాడు. అక్టోబరు 19కి చామ్‌డో పడిపోయింది. ఆ బూతు మాట ఇప్పుడు టిబెట్ చరిత్ర అధ్యయనంలో చాలా ప్రసిద్ధం.

గోల్డ్‌స్టీన్ చెప్పే సారాంశం ప్రవాసులకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. సైన్యాన్ని ఆధునికం చేద్దామన్న ప్రయత్నాన్ని 1920ల్లోనే పెద్ద మఠాలు, సంప్రదాయవాదులు కలిసి నొక్కేశారు. గ్యాంత్సే పట్నంలో 1923లో పెట్టిన ఇంగ్లీషు స్కూలు మూడేళ్ళకే మూతపడింది. 1947లో అయితే దలైలామా చిన్నవాడుగా ఉండగా ఆయన బదులు పాలించిన మాజీ రీజెంట్ రెటింగ్, దలైలామా భవనమైన పోటాలాలో చెరలోనే చనిపోయాడు, ఆయన మఠంవాళ్ళ మీదికి లాసా సైన్యం ఫిరంగులు పేల్చింది. బయట చైనా అంతర్యుద్ధం మలుపు తిరుగుతున్న రోజుల్లో లాసాలో జరిగింది ఇది. శాక్య కూడా వీటిని దాచలేదు. అయితే గోల్డ్‌స్టీన్ చదివితే లాసా పతనం లాసా స్వయంకృతమే అనిపిస్తుంది, శాక్య చదివితే ఎంత తెలివిగా ఉన్నా చాలా వరకు ఇలాగే జరిగేదేమో అనిపిస్తుంది. నా ఓటు శాక్యకే. 1950లో కొత్తగా గెలిచిన చైనా సైన్యం ముందు లాసా దగ్గర నలభై వేల మంది ఆధునిక సైనికులు ఉన్నా ఏం చేసేవారు?

ఇప్పుడు నేను చెప్పిన చేదు పేజీలు. మొదటిది 1951 మే 23న బీజింగ్‌లో సంతకాలైన 17 అంశాల ఒప్పందం. చామ్‌డోలో లొంగిపోయిన గవర్నరే టిబెటన్ ప్రతినిధి బృందానికి నాయకుడు, ఙాపో ఙవాంగ్ జిగ్మే. (మన అక్షరమాలలో ఎప్పుడూ ఊరికే కూర్చునే ఙ ఇక్కడ చక్కగా పనికొచ్చింది.) ప్రవాస వాదన: బెదిరించి సంతకాలు చేయించారు, ముద్రలు దొంగవి, కాబట్టి ఒప్పందం చెల్లదు. చైనా వాదన: మీవాళ్ళే సంతకం పెట్టారు, ఆ ఏడాది అక్టోబరు 24న దలైలామా పేరుతో మావోకు అంగీకార టెలిగ్రామ్ కూడా వచ్చింది, ఇంకేం కావాలి.

శాక్య ఈ ముడిని ఒక్కో పోగూ విప్పుతాడు. బెదిరింపు నిజం, సైన్యం ముందుకు కదులుతుందన్న హెచ్చరిక మధ్యే మాటలు జరిగాయి. ప్రతినిధులకు సంతకం పెట్టే అధికారం ఇచ్చి పంపలేదు, సరిహద్దులో యాటుంగ్‌లో ఉన్న దలైలామాను అడగకుండానే ముగించారు. ఇక ముద్రల సంగతి. బీజింగ్‌లో అప్పటికప్పుడు చెక్కించినవి ప్రతినిధుల సొంత పేర్లతో ఉన్న ముద్రలు. టిబెట్ ప్రభుత్వ ముద్రకు నకలు చేయలేదు. 'దొంగ ముద్రలు' అన్న ప్రవాస వాదనకు ఇది గట్టి దెబ్బ. ఆయన దాన్ని మొహమాటం లేకుండా రాసేశాడు. ఈ ఒక్క చోట చాలు ఆయన మీద నాకు నమ్మకం కుదరడానికి.

అక్కడితో ఆగి ఉంటే చైనా వాదన గెలిచినట్టే. ఒప్పందంలో ఏముందో చూడమంటాడు. మొదటి అంశంలో టిబెటన్లు 'మాతృభూమి అనే పెద్ద కుటుంబంలోకి' తిరిగి వస్తారు. నాలుగో అంశంలో ఉన్న రాజకీయ వ్యవస్థనూ దలైలామా హోదానూ మార్చం అని ఉంది. పదకొండో అంశంలో సంస్కరణల విషయంలో కేంద్రం బలవంతం చేయదు అని ఉంది. కొత్త చైనా తన దేశంలోని మరే జాతితోనూ ఇలా కూర్చుని ఒప్పందం రాసుకోలేదు. ఎప్పటినుంచో తమలో భాగమే అయితే ఈ కాగితంతో పనేమిటి? ఒప్పందాన్ని చూపించి టిబెట్ మాదే అనేవాళ్ళకు ఆ ఒప్పందమే ఇబ్బంది. అలాగే, ఒప్పందం పుట్టుకతోనే చెల్లదనేవాళ్ళకూ ఒక ఇబ్బంది ఉంది: లాసా ప్రభుత్వం ఎనిమిదేళ్ళపాటు దాని కిందే బతకడానికి నిజాయితీగా ప్రయత్నించింది. దలైలామా దాన్ని తిరస్కరించింది 1959లో దేశం దాటేటప్పుడు, మళ్ళీ ముస్సోరీ చేరాక జూన్‌లో పత్రికల ముందు.

మరి ఎక్కడ చెడింది? ఇక్కడ ఒక భౌగోళిక కిటుకు ఉంది, సెమినార్ పేపర్లలో చాలామంది దీన్ని వదిలేస్తారు. ఒప్పందంలో టిబెట్ అంటే బీజింగ్ దృష్టిలో లాసా ప్రభుత్వం పాలించే ప్రాంతం మాత్రమే. ద్రిచు నదికి తూర్పున ఉన్న ఖామ్, ఉత్తరాన ఆమ్‌డో టిబెటన్లవే అయినా సిచువాన్, చింగ్‌హై లాంటి చైనా ప్రావిన్సుల్లో ఉన్నాయి. కాబట్టి అక్కడ 'బలవంతం చేయం' అన్న హామీ వర్తించదు. 1955–56లో అక్కడ భూసంస్కరణలు మొదలయ్యాయి, మఠాల ఆస్తుల మీద చేయి పడింది, తుపాకులు అప్పగించమన్నారు. ఖంపాలను (ఖామ్ జనాన్ని) తుపాకీ ఇవ్వమని అడగడమంటే ఏమిటో అడిగినవాళ్ళకు తొందరగానే తెలిసొచ్చింది. 1956లో లిథాంగ్ మఠం మీద విమానాలతో బాంబులు వేశారు. అక్కడి జనం లాసా వైపు పారిపోయి వచ్చారు. 1958 జూన్‌లో లాసాకు దక్షిణాన లోఖాలో చుషి గంగ్‌ద్రుక్ అనే సాయుధ దళం పుట్టింది. నదికి అవతల అంటుకున్న మంట ఇవతల 1959లో లాసాను కాల్చింది.

ఈ ముక్క నాకు పుస్తకం కంటే ముందు ఒక స్వెట్టర్ల కొట్టులో అర్థమైంది. విజయవాడలో చలికాలం రాగానే టిబెటన్లు స్వెట్టర్ల దుకాణాలు వేస్తారు కదా. ఇరవై ఏళ్ళ కిందట అక్కడ ఒక పెద్దావిడ ఉండేది, ఒడిశాలో చంద్రగిరి సెటిల్‌మెంట్ నుంచి వచ్చేది. బేరం ఆడుతూ ఆడుతూ, మీది లాసానా అమ్మా అని హిందీలో అడిగాను. లాసా అనగానే మొహం అదోలా పెట్టింది. "మాది లిథాంగ్. మా ఊరి మీదికి విమానం వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్ళు. లాసా వాళ్ళకి అప్పటికింకా పండగలే" అంది. కోపం చైనా మీద ఎంతుందో లాసా దొరల మీదా కొంచెం అంతే ఉన్నట్టు వినిపించింది. ఊలు మఫ్లరు మీద పది రూపాయలు తగ్గించింది గానీ ఆ కోపం మాత్రం తగ్గించలేదు.

రెండో చేదు పేజీ 1959 మార్చి 10. చైనా సైనిక కేంద్రంలో ఒక సాంస్కృతిక ప్రదర్శనకు దలైలామా వెళ్ళాల్సి ఉంది. ఎప్పుడూ వెంట ఉండే సాయుధ అంగరక్షకులు లేకుండా రావాలన్న కబురు బయటికి పొక్కింది. తెల్లారేసరికి వేలమంది నోర్బులింగ్కా వేసవి భవనం చుట్టూ చేరారు, వెళ్ళనివ్వం అన్నారు. ప్రవాసులకు ఇది చైనా మీద జాతి తిరుగుబాటు దినం, ప్రతి ఏటా ధర్మశాలలో జరుపుకుంటారు. చైనాకు ఇది దొరలూ లామాలూ కలిసి చేసిన కుట్ర.

శాక్య ఆ గుంపులోకి మనల్ని తీసుకెళ్తాడు. ఆ రోజు జనం చేతిలో చనిపోయింది చైనా సైనికుడు కాదు. ఫక్పాలా ఖెన్‌చుంగ్ అనే టిబెటన్ అధికారి, రాళ్ళతో కొట్టి చంపారు. చైనా వాళ్ళ జీపులో వచ్చిన సాంఫో అనే మంత్రికి రాయి తగిలి గాయమైంది. ఇంతకీ ఆ జనం ఎవరి మీద మండిపడుతున్నారు? చైనా మీద సరే, తమ దలైలామాను అమ్మేస్తున్నారని అనుమానించిన సొంత పెద్దల మీద కూడా. పాలకవర్గం చేతిలోంచి ఆ ఉదయం పగ్గాలు జారిపోయాయి. చైనా చెప్పినట్టు దొరల కుట్రే అయితే దొరల మీద రాళ్ళెందుకు పడతాయి? ప్రవాసులు చెప్పినట్టు జాతి అంతా ఒక్కటైతే మొదటి శవం టిబెటన్‌ది ఎందుకవుతుంది? దలైలామాను ఆ రోజు ఎత్తుకుపోవాలన్న పథకం ఉందని రుజువు చేసే గట్టి కాగితం ఇప్పటిదాకా బయటపడలేదు. కానీ అప్పటికే ఖామ్‌లో పేరున్న లామాలు విందుకని పిలిపించుకుని మాయమైన కథలు లాసాలో ఇంటింటా తిరుగుతున్నాయి. భయానికి కాగితంతో పనిలేదు.

ఆ వారంలో దలైలామా చైనా జనరల్ తాన్ గువాన్‌సాన్‌కు రాసిన మూడు ఉత్తరాలు కూడా ఇలాంటి చోటే ఇరికిస్తాయి. వాటిలో తన చుట్టూ ఉన్న 'చెడ్డవాళ్ళ' వల్ల బాధపడుతున్నట్టు ఉంది. చైనా వాటిని అచ్చేసి, చూశారా ఎత్తుకుపోయింది వాళ్ళే అంటుంది. దలైలామా తర్వాత, టైమ్ గెలవడానికి అలా రాశానన్నారు. మార్చి 17 రాత్రి సైనికుడి వేషంలో బయటపడ్డారు, 20న నోర్బులింగ్కా మీద ఫిరంగులు పేలాయి, 31న భారత సరిహద్దు దాటారు.

1959 తర్వాతి భాగాల్లో, దలైలామా తర్వాత అంతటి స్థానమున్న పంచెన్ లామా మీద రాసింది బాగుంటుంది. 24 ఏళ్ళ వయసులో, చైనా మనిషి అని అందరూ అనుకునే రోజుల్లో, 1962లో ఆయన డెబ్భై వేల అక్షరాల విన్నపం రాసి పైకి పంపాడు. కరువు, జైళ్ళు, మఠాల విధ్వంసం అన్నీ అందులో ఉన్నాయి. మావో దాన్ని విషబాణం అన్నాడు. ఆయన్ని 1964లో బహిరంగ విచారణల్లో నిలబెట్టారు, తర్వాత ఏళ్ళ తరబడి జైలు. ద్రోహి, వీరుడు అనే రెండు చీటీల్లో ఏదీ అతకని మనిషి కాబట్టే శాక్యకు ఇష్టమైన పాత్ర అయ్యాడేమో.

ఇప్పుడు ఆయనతో పేచీ పెట్టుకోగల చోటు. 1969లో లాసాకు పడమర న్యేమోలో త్రిన్లే ఛోద్రోన్ అనే సన్యాసిని నాయకత్వంలో జనం సైనికుల్నీ కార్యకర్తల్నీ చంపారు. తన మీద గేసర్ అనే వీరరాజు గాథల్లోని దేవత పూనిందని ఆమె చెప్పుకుంది. చివరికి ఆమెను పట్టుకుని లాసాలో మరణశిక్ష అమలు చేశారు. శాక్య దీన్ని సాంస్కృతిక విప్లవం మతాన్నీ గుర్తింపునూ తుడిచేస్తుంటే లేచిన తిరుగుబాటుగా చూశాడు. శాక్య పుస్తకం వచ్చిన పదేళ్ళకు, 2009లో, గోల్డ్‌స్టీన్ ఇద్దరు సహరచయితలతో కలిసి ఈ ఒక్క సంఘటన మీదే పుస్తకం వేశాడు. స్థానిక రెడ్‌గార్డు ముఠాల్లో ఒకటైన గ్యెన్‌లో నాయకులు జిల్లా అధికారం కోసం ఆ సన్యాసిని పేరునూ జనంలో ధాన్యం వసూళ్ళ మీద ఉన్న కోపాన్నీ వాడుకున్నారని వాళ్ళ వాదన. చైనా లోపలి పత్రాలు, వాంగ్మూలాలు వాళ్ళకు దొరికాయి, శాక్యకు అప్పట్లో దొరకలేదు. వివరాల్లో నేను గోల్డ్‌స్టీన్ వైపే. అయితే ముఠా తగాదా అని చెప్పాక కూడా ఒకటి మిగిలిపోతుంది: మఠాలన్నీ మూసేసిన కాలంలో ఒక సన్యాసినికి పూనకం వచ్చిందంటే అంతమంది ప్రాణాలకు తెగించి ఎందుకు వెంట నడిచారు? ముఠా నాయకులు వాడుకోవడానికైనా అక్కడ ఏదో ఉండాలి కదా.

ఇలాంటి వాదమే ఆయన 2002లో న్యూ లెఫ్ట్ రివ్యూ పత్రికలో చైనా రచయిత వాంగ్ లిషియోంగ్‌తో చేశాడు. వాంగ్ చైనా ప్రభుత్వానికి వంత పాడేవాడేమీ కాదు, ధైర్యమున్న మనిషి. మఠాలు కూల్చడంలో టిబెటన్లు కూడా చెయ్యి వేశారు, దలైలామా స్థానంలో మావోను దేవుడిగా పెట్టుకున్నారు అన్నాడు. శాక్య జవాబు సూటిగా ఉంటుంది. చైనా అంతటా చైనా వాళ్ళూ గుళ్ళు కూల్చారు, అక్కడ రాజకీయ కారణాలు వెతుకుతారు, టిబెటన్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాళ్ళ మనస్తత్వం, మతపిచ్చి అంటూ ఎందుకు వెతుకుతారు? వలస పాలకులు స్థానికుల గురించి మాట్లాడే తీరు ఇదేనంటాడు. పేపర్లో ఒక్క వాదవివాదం పెట్టాలనుకుంటే ఇది పెట్టండి. చిన్నది, ఇద్దరూ తెలివైనవాళ్ళు, ఇద్దరికీ ఒకరంటే ఒకరికి గౌరవం ఉంది.

మన దేశం పాత్ర గురించి కూడా ఆయన మర్యాదగానే అయినా దాచకుండా రాశాడు. 1950 నవంబరులో ఎల్ సాల్వడార్ టిబెట్ విషయాన్ని ఐక్యరాజ్యసమితిలో లేవనెత్తింది. శాంతియుత పరిష్కారానికి ఇంకా అవకాశం ఉందని భారత ప్రతినిధి, అంటే నవానగర్ జామ్ సాహెబ్, అన్నాక చర్చ వాయిదా పడింది. బ్రిటన్ టిబెట్ హోదా స్పష్టంగా లేదంది. ఆ హోదాను అస్పష్టంగా ఉంచింది తామే కదా! 1954 ఏప్రిల్ 29న పంచశీల ఒప్పందంలో 'చైనాకు చెందిన టిబెట్ ప్రాంతం' అని మనం రాసిచ్చాం, యాటుంగ్, గ్యాంత్సేల్లో ఉన్న మన సైనిక పటాలాల్ని వెనక్కి రప్పించాం. అది ఎనిమిదేళ్ళ ఒప్పందం, 1962లో గడువు తీరింది. ఆ ఏడాది ఏమైందో చెప్పక్కర్లేదు. నెహ్రూను తిట్టడానికి ఈ పుస్తకం వాడుకుందామనుకుంటే నిరాశపడతారు. అప్పటి చేతుల్లో ఏ ముక్కలున్నాయో చూపించి ఊరుకుంటాడు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. దృష్టి లాసా మీద, పెద్దల మీద ఎక్కువ. ఖామ్, ఆమ్‌డోల గురించి కొన్ని పేజీలే, నా స్వెట్టర్ల పెద్దావిడ చదివితే మొహం మళ్ళీ అదోలా పెట్టేది. ఆడవాళ్ళు దాదాపు కనపడరు. పల్లెలో రైతు ఏం తిన్నాడు, పన్ను ఎంత కట్టాడు అన్నది గోల్డ్‌స్టీన్ దగ్గరే ఎక్కువ దొరుకుతుంది. పాత టిబెట్‌లో 'మిసెర్' అనే మాటను వెట్టివాడు అనాలా, రైతు అనాలా, పౌరుడు అనాలా అన్న గొడవలోకి శాక్య పెద్దగా దిగలేదు. ఆమ్‌డో కోసం 2020లో వచ్చిన బెనో వైనర్ పుస్తకం చూడండి.

ఆధారాల దగ్గర ఒక ఒడుపు చెబుతాను. శాక్య వాడినవాటిలో లండన్‌లోని ఇండియా ఆఫీస్ రికార్డులు, ప్రవాసంలోని పాత అధికారుల ఇంటర్వ్యూలు, రేడియో ప్రసారాల సారాంశాలు ఉన్నాయి. వీటితో పాటు 1980ల నుంచి టిబెట్ లోపలే, ప్రభుత్వం దగ్గరుండి పాత దొరల చేతా లామాల చేతా రాయించి అచ్చేసిన జ్ఞాపకాల సంపుటాలూ ఉన్నాయి. ఇవి సెన్సారైనవి కదా అని కొట్టిపారేయకండి. అభిప్రాయం చెప్పే చోట నమ్మకండి, ఆ రోజు గదిలో ఎవరెవరు ఉన్నారు, ఎవరు ఎవరికంటే పైన కూర్చున్నారు అని చెప్పే చోట నమ్మండి. పాత అధికారులకు కూర్చునే వరస ప్రాణంతో సమానం, అందులో అబద్ధం రాయరు. ప్రవాస జ్ఞాపకాలకూ ఇదే సూత్రం.

ఇంకొక పుస్తకం కూడా పక్కన పెట్టుకోండి, పల్దెన్ గ్యాత్సో అనే భిక్షువు ఆత్మకథ. తన గురువు భారత గూఢచారి అని ఒప్పుకోమంటే ఒప్పుకోనందుకు మొదలై, 33 ఏళ్ళు జైళ్ళలో, శ్రమశిబిరాల్లో గడిపినవాడు. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది శాక్యే. చరిత్ర పుస్తకంలో రెండు పక్షాల మధ్య అంత ఓపిగ్గా నిలబడ్డ మనిషి, అంతకు ముందే ఈ భిక్షువు పక్కన కూర్చుని రోజుల తరబడి ఆ కథ విన్నాడన్నది గుర్తుపెట్టుకుని చదవండి.

పేపర్ కోసం అయితే మొత్తం పుస్తకం మీద రాయకండి, మునిగిపోతారు. 17 అంశాల ఒప్పందం పూర్తి పాఠం ప్రింట్ తీసుకుని, నాలుగు, పదకొండు అంశాల కింద గీత గీసి, శాక్య 1951 అధ్యాయం, గోల్డ్‌స్టీన్ మొదటి సంపుటం చివరి అధ్యాయాలు పక్కపక్కన పెట్టుకుని ఒకే ప్రశ్న అడగండి: ఈ రెండు హామీలు ఎక్కడిదాకా వర్తిస్తాయని ఎవరు అనుకున్నారు? 15 పేజీలకు అది చాలు. పేర్ల దగ్గర జాగ్రత్త, ఒక్క ఙాపోనే ఇంగ్లీషులో నాలుగైదు స్పెల్లింగుల్లో కనిపిస్తాడు. మా విద్యార్థి ఒకడు అతన్ని ఇద్దరు వేర్వేరు మంత్రులనుకుని వాళ్ళిద్దరి మధ్య విభేదాల మీద రెండు పేజీలు రాసుకొచ్చాడు.